ఊరికో జట్టు, జట్టుకో పుస్తకం

(పశ్చిమ ప్రకాశంలో పల్లె ఆటల గురించి గిద్దలూరులో విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ఊరి ఆటల గురించి మాట్లాడతామంటే పెద్దలు కొందరు మొహం చిట్లించారు. "వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేస్తే రెండో సొరంగం తవ్వకం పూర్తయ్యేసరికి 2024 వచ్చింది. తాగే నీళ్లలో ఫ్లోరైడు. పిల్లలు బతుకుదెరువుకు ఊళ్లు విడిచి పోతున్నారు. ఇప్పుడు చెడుగుడు కబుర్లా?" అన్నారు. ఆ కోపం న్యాయమైందే. మేమూ ఆ నీళ్లు తాగి పెరిగినవాళ్లమే. కానీ మేం ఒక్క మాట అడిగాం. నీళ్ల కోసం ధర్నా అంటే ముందుగా ట్రాక్టరెక్కేది ఎవరు? సాయంత్రం పూట బడి వెనకాల దుమ్ములో చెడుగుడు ఆడే పిల్లోళ్లే కదా! ఊళ్లో పార్టీకో జెండా దిమ్మె ఉంది. కులానికో వీధి ఉంది. ఎవరూ పిలవకుండానే పదిమంది రోజూ ఒకచోట చేరేది ఆట దగ్గరే. ఆ పదిమందీ చెదిరిపోతే రేపు సభకు కుర్చీలు వేసేవాడు కూడా ఉండడు.

మేం వెంట ఒక షీల్డు తెచ్చాం. ఇదిగో, వెనక కూర్చున్నవాళ్లు కూడా చూడండి. మా ఊరి చెడుగుడు జట్టు గెలిచిన షీల్డు ఇది. దీని మీద బహుమతి దాత పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. కింద 'ప్రథమ బహుమతి' అని ఉంది. ఏ ఊరు గెలిచిందో లేదు. ఏ సంవత్సరమో లేదు. ఆడిన ఏడుగురి పేర్లూ లేవు. ఆ ఏడుగురిలో ఇద్దరు ఇప్పుడు లేరు. ఒకాయన బెంగళూరులో అపార్టుమెంటు దగ్గర వాచ్‌మన్. మిగిలినవాళ్లను అడిగితే ఫైనల్లో ఎదుటి జట్టు ఏ ఊరిదో ఒకరొక రకంగా చెబుతున్నారు. గెలిచినవాళ్లం మనమే, మన గెలుపు మనకే గుర్తులేదు. ఇచ్చినాయన పేరు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.

ఈ షీల్డును చూస్తూ కూర్చున్న రోజుల్లోనే మేం ఐర్లండు పల్లెల ఆటల చరిత్ర చదివాం. ఐర్లండంటే ఎక్కడో యూరప్ కొసన ఉన్న చిన్న దేశం. హోమ్‌రూల్ ఉద్యమం అని మనం పదో తరగతిలో చదువుకున్నాం కదా, ఆ మాట మనకు వచ్చింది అక్కడినుంచే. అక్కడా కరువే. 1845 నుంచి బంగాళాదుంప పంట కుళ్లిపోయి పదిలక్షల మంది చనిపోయారు, ఇంచుమించు అంతమందే ఓడలెక్కి పోయారు. మన తాతల తాతలు ధాత కరువు అని చెప్పుకున్న 1876-78 నాటి కరువు కర్నూలు జిల్లాను ఊడ్చేసింది. అప్పుడు మన కంభం, మార్కాపురం కర్నూలు జిల్లాలోవే. కాబట్టి ఆ కథ మనకు పరాయిదేం కాదు.

కరువు తర్వాత అక్కడి పల్లెల్లో పాత ఆటలు చచ్చిపోతూ వచ్చాయి. దొరల ఆటలు, దొరల నిబంధనలు వచ్చాయి. పెద్దమనుషుల పోటీల్లో కూలివాడికీ చేతిపనివాడికీ చోటులేదు. అప్పుడు మైకేల్ క్యూసాక్ అనే బడిపంతులు 1884 అక్టోబరులో పత్రికల్లో ఒక వ్యాసం రాశాడు. మన ఆటలు మనమే నడుపుకోవాలన్నది దాని సారాంశం. మూడు వారాలు తిరిగేసరికి, నవంబరు 1న, టిప్పెరరీ జిల్లా థర్లెస్ అనే చిన్న పట్నంలో ఒక హోటల్ గదిలో మీటింగు పెట్టాడు. వచ్చినట్టు అందరూ ఒప్పుకునే పేర్లు ఏడే ఏడు. ఒక పంతులు, ఒక పేరుమోసిన అథ్లెట్, ఇద్దరు విలేకరులు, ఒక లాయరు, ఒక రాతిపని కాంట్రాక్టరు, ఏడో ఆయన పోలీసు అధికారి! ఉద్యోగులు సభలకు రావడానికి జంకుతుంటారు కాబట్టి ఈ చివరి పేరు కాస్త గట్టిగా చెబుతున్నాం. అట్లా పుట్టింది గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్.

వాళ్ల ఆటలు రెండు. ఒకటి హర్లింగ్. కొస వెడల్పుగా ఉండే యాష్ చెట్టు కర్రతో, తోలు కుట్టిన చిన్న బంతిని కొడుతూ, గాల్లోనే అందుకుంటూ ఆడతారు. గోలులోకి పోతే మూడు పాయింట్లు, పైనున్న కడ్డీ మీదుగా పోతే ఒకటి. రెండోది వాళ్ల సొంత ఫుట్‌బాల్, అందులో చేతులూ వాడొచ్చు. మొదట్లో జట్టుకు 21 మంది ఉండేవారు, 1892లో 17 మందిని చేశారు, 1913 నుంచి 15 మంది. కర్ర తిప్పుడు చూస్తే మన బిళ్ళంగోడూ, పీర్ల పండగ కర్రసామూ కలిసి పరుగెత్తినట్టుంటుంది.

అయితే మాకు నచ్చింది ఆట కాదు, దాన్ని నిలబెట్టిన పద్ధతి. వాళ్లు రాజధానిలో పెద్ద స్టేడియం కట్టి మొదలుపెట్టలేదు. పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే నాలుగైదు పల్లెలు. పారిష్‌కు ఒక క్లబ్బు. నువ్వు ఏ ఊరివాడివో ఆ ఊరి క్లబ్బుకే ఆడాలి. డబ్బున్న క్లబ్బు వచ్చి మంచి ఆటగాణ్ణి కొనుక్కుపోయే వీలు లేదు. ఎంత గొప్ప ఆటగాడికైనా జీతం లేదు, ఈరోజుకూ లేదు. సోమవారం పొద్దున బడిలో పాఠం చెప్పే మాస్టరో, పాలు పితికే రైతో, ఆదివారం 82 వేల మంది కూర్చునే క్రోక్ పార్కులో ఆడతాడు. ఆట ఆదివారమే ఎందుకంటారా? కూలి చేసేవాడికి దొరికే సెలవు అదొక్కటే.

ఇంకొకటి చూడండి. మొదటి అఖిల ఐర్లండు హర్లింగ్ ఫైనల్ 1888 ఏప్రిల్ 1న బిర్ అనే ఊళ్లో జరిగింది. టిప్పెరరీ జిల్లా తరఫున ఆడింది థర్లెస్ క్లబ్బు, గాల్వే జిల్లా తరఫున ఆడింది మీలిక్ అనే పల్లె క్లబ్బు. జిల్లా జట్టు అని వేరే ఏరుకోలేదు, జిల్లాలో గెలిచిన ఊరి జట్టే జిల్లా జట్టు. గెలిచింది థర్లెస్. కెప్టెన్ జిమ్ స్టేపుల్టన్. నూటముప్పై ఏళ్లు దాటినా ఎవరు ఆడారో, ఎక్కడ ఆడారో చెప్పగలుగుతున్నారు. మా షీల్డు వయసు అందులో సగం కూడా ఉండదు!

వాళ్లేదో దేవతలని చెప్పడం లేదు. క్యూసాక్‌ను రెండేళ్లు నిండకముందే, 1886లో కార్యదర్శి పదవి నుంచి దింపేశారు. ఆయన 1887లో సొంతంగా ఒక వారపత్రిక పెట్టుకున్నాడు, అది ఏడాది ఆడింది. (వారపత్రిక నడిపే కష్టం ఈ సభలో కొందరికి చెప్పనక్కర్లేదు.) 1891 నాటికి రాజకీయాల చీలిక ఊరూరా పాకి క్లబ్బులకు క్లబ్బులే మూతపడ్డాయి. సంఘం అన్నాక మనకూ ఇవన్నీ తెలిసినవే. ఇంతకంటే పెద్ద తప్పు కూడా చేశారు. ఇంగ్లీషు ఆటలు ఆడినా, చూసినా సభ్యత్వం తీసేస్తామని నిబంధన పెట్టారు. సాక్షాత్తూ దేశాధ్యక్షుడు డగ్లస్ హైడ్ ఒక సాకర్ మ్యాచ్ చూడ్డానికి పోయాడని 1938లో ఆయన్ని సంఘం పోషకుడి హోదా నుంచి తొలగించారు. ఆ నిషేధం 1971 దాకా పోలేదు. మన ఆట మీద ప్రేమ వేరు, పక్కవాడి ఆట మీద పగ వేరు. చెరువు కట్ట కింద క్రికెట్ ఆడే పిల్లోణ్ణి తిట్టడానికి మేం ఇక్కడికి రాలేదు.

కానీ ఆ క్లబ్బులు ఎందుకు చావలేదో తెలుసుకోవాలంటే రెండు ఆదివారాల సంగతి వినాలి. 1918లో బ్రిటిష్ ప్రభుత్వం అనుమతి లేకుండా ఆటలు ఆడకూడదంది. సంఘం బతిమాలుకోలేదు. ఆగస్టు 4, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలకు దేశమంతా ఒకేసారి, ఊరూరా, ఏ అనుమతీ లేకుండా ఆట ఆడారు. ఎంతమందిని పట్టుకుంటారు? ఎవరినీ పట్టుకోలేకపోయారు.

రెండోది 1920 నవంబరు 21. ఆ పొద్దున డబ్లిన్‌లో మైకేల్ కాలిన్స్ మనుషులు బ్రిటిష్ గూఢచారులను కాల్చి చంపారు. మధ్యాహ్నం క్రోక్ పార్కులో డబ్లిన్‌కూ టిప్పెరరీకీ ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతోంది. బలగాలు లోపలికొచ్చి జనం మీద కాల్పులు జరిపాయి. 14 మంది చనిపోయారు. అందులో పదేళ్లు, పదకొండేళ్లు, పద్నాలుగేళ్ల పిల్లలున్నారు. టిప్పెరరీ ఆటగాడు మైకేల్ హోగన్ మైదానంలోనే పడిపోయాడు. గ్రేంజ్‌మాక్లర్ అనే పల్లె క్లబ్బు కుర్రాడతను. ఈరోజు క్రోక్ పార్కులో ఒక వైపు గ్యాలరీకి హోగన్ స్టాండ్ అని పేరు. ఆటగాడు కాబట్టి అతని పేరు నిలిచింది. చూడ్డానికొచ్చి చనిపోయిన మామూలు మనుషుల్లో చాలామంది సమాధులకు దశాబ్దాల పాటు పేరు రాసిన రాయి కూడా లేదు. ఈమధ్య ఏళ్లలో వాళ్ల కుటుంబాలను వెతికి, కలిసి రాళ్లు పెట్టించారు. పుస్తకాలు రాసుకునే వాళ్ల దగ్గరే ఇట్లా జరిగింది. పుస్తకమే లేని మన సంగతి ఏమిటి?

మన సంగతికే వద్దాం.

చెడుగుడు మన ఆటే. తమిళ దేశంలోనూ ఇదే పేరు. మహారాష్ట్రలో హుతుతు, బెంగాల్లో హాడుడు. 1920ల్లో మహారాష్ట్రలో దానికి నిబంధనలు రాశారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ అప్పుడు అమరావతి హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి వాళ్లు అక్కడ ఆడి చూపించారు. మన అమరావతి కాదు, విదర్భ అమరావతి. 1950లో అఖిల భారత సమాఖ్య, 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆటగా చోటు, 2014లో టీవీ లీగు, అందులో మన తెలుగు టైటాన్స్. ఇదంతా పుస్తకాల్లో ఉంది. ఎందుకుందంటే, రాసుకున్నవాళ్లు రాసుకున్నారు కాబట్టి. బేస్తవారిపేట, రాచర్ల, కొమరోలు, అర్ధవీడు, తర్లుపాడు, దోర్నాల, ఈ పల్లెల్లో ఉగాదికీ సంక్రాంతికీ తిరునాళ్లకూ ఎన్ని జట్లు కూత పెట్టాయో ఏ పుస్తకంలోనూ లేదు.

ఇంకో విచిత్రం చెబుతాం, నవ్వకండి. తిరునాళ్లలో ఎడ్ల బండలాగుడు పోటీ జరుగుతుంది కదా. రెండు పళ్ల గిత్తలు, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, సీనియర్లు అని విడివిడిగా. ఏ రైతు జత ఎన్ని నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగిందో అంగుళాలతో సహా రాస్తారు, మైకులో చదువుతారు. ఆ లెక్క పదేళ్ల తర్వాత అడిగినా చెప్పే రైతులున్నారు. ఒంగోలు గిత్తకున్న రికార్డు మన ఊరి మనిషికి లేదు. గిత్త మీద మాకు అసూయ లేదు లెండి.

చెడుగుడులో రాసుకోవాల్సింది గెలుపోటములే కాదు. ఆ ఆట అంటేనే ముట్టుకోవడం. కూత పెట్టి పోయి ముట్టుకుని రావాలి, వచ్చినవాణ్ణి నడుం పట్టి, కాళ్లు పట్టి ఆపాలి. వేరు బావి, వేరు గ్లాసు నడిచిన ఊళ్లలో ఈ ఆట ఎట్లా నడిచింది? ముసలివాళ్లను అడిగాం. ఊరి జట్టు వేరు, వాడ జట్టు వేరు అన్నారు. పక్క ఊరితో పందెం వచ్చి, గట్టి కూతగాడు కావాల్సి వస్తే మాత్రం వాడ నుంచి పిలిపించేవారట. బరిలో అందరూ అతన్ని కరుచుకుని పట్టుకునేవారు. ఆట అయ్యాక మంచినీళ్లు పైనుంచి దోసిట్లో పోసేవారు. ఈ మాట చెప్పిన పెద్దాయన ఆ దోసిలి పట్టినవాడే. ఆట మనుషుల్ని కలిపిందని వేదికల మీద తేలిగ్గా అనేస్తాం. ఆట నలభై నిమిషాలు కలిపింది, ఆ తర్వాత ఊరు మళ్లీ విడదీసింది. ఆ కూతగాడి పేరు లేకుండా రాసే చరిత్ర మాకొద్దు.

ఆడపిల్లల సంగతీ అంతే. ఐర్లండులో ఆడవాళ్ల హర్లింగ్‌ను కమోగీ అంటారు, 1904లో మొదలైంది. దానికి వాళ్లు వేరే సంఘం పెట్టుకున్నారు. మన దగ్గర బళ్లలో ఆడపిల్లలు ఖోఖో, కబడ్డీ బ్రహ్మాండంగా ఆడతారు. పదో తరగతి అవుతుంది, ఆట అక్కడితో సరి. 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆడవాళ్ల కబడ్డీ మొదటిసారి పెడితే బంగారు పతకం తెచ్చింది మన దేశపు ఆడపిల్లలే. ఊరి జట్టు పుస్తకంలో వాళ్ల పేజీ విడిగా వెనక కాదు, మొదటి నుంచీ ఉండాలి.

ఇక మైదానం. మా ఊళ్లో మూడు తరాలు ఆడిన బరి ఉండేది. ఒక ఏడు అక్కడ నీళ్ల ట్యాంకు లేచింది. ట్యాంకు కావాల్సిందే, కాదనం. తర్వాత ఏదో భవనం లేచింది, ఆ తర్వాత దానికి ప్రహరీ. మేం ఒక కార్యాలయానికి పోయి అడిగాం. "అది ఆటస్థలమని మీ దగ్గర కాగితం ఉందా?" అన్నారు. లేదు. మూడు తరాల చెమట ఉంది, కాగితం లేదు. ఐర్లండు పల్లె క్లబ్బులు చందాలేసుకుని పొలం కొన్నాయి. ఆ పొలం ఫలానా క్లబ్బుదని ధర్మకర్తల పేరున రాయించి పెట్టుకున్నాయి. ఈరోజు ఏ నాయకుడూ వచ్చి అక్కడ ఇంకో భవనం కట్టలేడు. క్రోక్ పార్కునైతే 1913లోనే కొనేశారు.

వలస గురించి మీకు మేం చెప్పేదేముంది! హైదరాబాదుకు, బెంగళూరుకు, ఎక్కడ బిల్డింగు లేస్తే అక్కడికి పోతారు మనవాళ్లు. సంక్రాంతికి బస్సు దిగినప్పుడే ఏడుగురూ కనబడేది. ఐర్లండు వాళ్లు పోయిన చోటల్లా క్లబ్బు పెట్టారు. 1947లో ఫుట్‌బాల్ ఫైనల్‌ను ఏకంగా న్యూయార్కుకు తీసుకుపోయి ఆడించారు, కావన్, కెర్రీ జిల్లాల మధ్య. వలస పోయినవాడు జట్టు నుంచి పోయినట్టు కాదన్నమాట. అయినా ఇప్పుడు అక్కడి పల్లెలూ ఖాళీ అవుతున్నాయి, పదిహేను మంది దొరక్క పక్కపక్క క్లబ్బులు కలిసిపోతున్నాయి. క్లబ్బు ఉంటే వలస ఆగుతుందని మేం అబద్ధం చెప్పం. పోయినవాడి పేరు మిగులుతుంది, తిరిగొస్తే నిలబడ్డానికి ఒక చోటు ఉంటుంది, అంతవరకే.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, కారణముంది. మన తాతలు కర్నూలు జిల్లా వాళ్లు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా అని కొత్తది చేసి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాన్ని అందులో కలిపారు. 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. మన నాయనలు ప్రకాశం జిల్లా వాళ్లయ్యారు. 2025 చివర్లో మార్కాపురం జిల్లా అయింది. ఇల్లు కదల్లేదు, మూడు తరాలకు మూడు జిల్లాలు. జిల్లా వచ్చిందని టపాకాయలు కాల్చాం, సంతోషమే. జిల్లా అన్నాక జిల్లా జట్టు ఉంటుంది, జిల్లా క్రీడా సంఘం ఉంటుంది, సర్టిఫికెట్లుంటాయి, ఆ సర్టిఫికెట్ల మీద స్పోర్ట్స్ కోటా సీట్లుంటాయి. విద్యార్థులు ఈ మాట బాగా వినండి. ఊళ్లలో క్లబ్బులు లేకపోతే ఆ జిల్లా సంఘం నలుగురు పెద్దమనుషులు ఒక హాల్లో కూర్చుని రాసుకున్న పేర్ల జాబితా అవుతుంది. ఊళ్లలో క్లబ్బులుంటే వాళ్లు మనల్ని అడిగి రాయాలి. ఒంగోలు దూరమని ఇన్నాళ్లూ ఫిర్యాదు చేశాం. మార్కాపురం కూడా మన పల్లెలకు దూరం కావడానికి ఎక్కువ కాలం పట్టదు.

పని పెద్దదేం కాదు. మన రాష్ట్రపు 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం సంఘం రిజిస్టరు చేయడానికి ఏడుగురు చాలు. చెడుగుడు జట్టుకు ఏడుగురు. థర్లెస్ హోటల్లో చేరిందీ ఏడుగురే. ఉద్యోగుల్లో రెవెన్యూ తెలిసినవాళ్లున్నారు, ఊరి బరి ఏ సర్వే నంబరులో ఉందో, రికార్డులో దాన్ని ఏమని రాశారో చూసిపెట్టండి. మాస్టర్లున్నారు, తీర్మానం రాయడం నేర్పండి. విద్యార్థులు సెలవులకు పోయినప్పుడు సెల్‌ఫోనులో సినిమా పాటలతో పాటు ఊళ్లో ముసలి ఆటగాళ్ల మాటలు రికార్డు చేయండి. వాళ్లు ఎక్కువ కాలం ఆగరు. షీల్డు ఇస్తామని దాత వస్తే వద్దనకండి. మీ పేరుతో పాటు గెలిచిన ఊరి పేరు, సంవత్సరం కూడా వేయించమని చెప్పండి.

మేం మొదలుపెట్టాం. రెండు వందల పేజీల రిజిస్టరు కొన్నాం. మొదటి పేజీలో 'జట్టు ఏర్పడిన సంవత్సరం' అని రాసి ముసలివాళ్ల దగ్గరికి పోయాం. ఒకాయన ఒంగోలు జిల్లా అయిన ఏడే అంటాడు. ఇంకొకాయన కాదు, కర్నూలు జిల్లా కింద ఉన్నప్పుడే నేను కూత పెట్టానంటాడు. మూడో ఆయన 1977 ఉప్పెన వచ్చిన ఏడు మనం మొదటిసారి గెలిచాం, అంతకుముందుది లెక్కకు రాదంటాడు. సాయంత్రం దాకా అరుచుకున్నారు. ఇంతకాలం ఆ సంగతి వాళ్లను ఎవరూ అడగలేదు. మూడు మాటలూ, ఎవరు ఏది చెప్పారో పేర్లతో సహా, ఒకదాని కింద ఒకటి రాసి సంతకాలు పెట్టించాం. దోసిట్లో నీళ్లు తాగిన పెద్దాయనకు సంతకం రాదు, వేలిముద్ర వేశాడు. రిజిస్టరు ఇక్కడే బల్ల మీద ఉంది, పోయేముందు చూసి పోండి.